చిక్కటి నీళ్ళు

"ఈ గ్లాసు ఎవరిదత్తయ్యా?"

వినపడనట్టే ఊరుకున్నాను. ఐస్‌క్రీమ్ చిలికే మిషను తిరుగుతున్నప్పుడు మా పనిగదిలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆ హోరు చాటున నేను చాలా జవాబులు తప్పించుకున్నాను.

కోడలు చెయ్యి చాచి మిషను ఆపేసింది.

చిలుకుతున్న పాలను మధ్యలో ఆపడమంటే మా ఇంట్లో మాటలు కాదు. ఆపామా, అంచులకు గడ్డకట్టి, నడుమ నీళ్ళై, ఎందుకూ కొరగాకుండా పోతుంది. మా ఆయన తిరుగాడుతున్న రోజుల్లో ఇంటి పైకప్పు ఎగిరిపోయినా సరే, ముందు చిలకడం పూర్తిచేసి ఆ తరవాతే తల పైకెత్తి చూసేవారు.

"పాల క్యాను వెనకాల దాచి ఉంది. ఇంకా తడిగా ఉంది" అంది కోడలు.

"నాదే అయ్యుంటుంది లేమ్మా."

"మీది స్టీలు గ్లాసు. ఇది గాజుది. గాజు గ్లాసులన్నీ మామయ్యకే కదా తీసి పెట్టాం?"

గ్లాసును వెలుగుకి ఎత్తి పట్టుకుని వంచింది. అడుగున మిగిలిన చుక్కలు గబగబా జారిపోయాయి. జిగురు పొడి కలిపిన నీళ్ళు అలా జారవు. గాజును పట్టుకుని సన్నటి తెరలా నిలబడి, వెళ్ళాలా వద్దా అని ఆలోచించి మరీ దిగుతాయి.

ఇవి ఉత్త నీళ్ళు.

పక్కగదిలోంచి ఆయన దగ్గు వినపడింది. పొద్దుటి నుంచి ఒళ్ళు కాలిపోతోంది ఆయనకు.

పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చాక, కాలు తిరిగొచ్చింది. కుడి చెయ్యి సగం వచ్చింది. మాట కాస్త ముద్దగానైనా వచ్చింది. నోటి దురుసు మాత్రం మొత్తం వచ్చింది. గొంతు ఒక్కటే రాలేదు. పల్చటివి ఏం తాగినా పొలమారి, ఊపిరి దారిలోకి పోతున్నాయి. అలా పోయిన నీళ్ళే ఇంతకుముందు ఒకసారి జ్వరమై ఆయన్ని మంచానికి కట్టిపడేశాయి. అందుకని నీళ్ళైనా, టీ అయినా, మందైనా డబ్బాలోని పొడి కలిపి, తేనెలా సాగేటట్టు చేసి ఇవ్వాలి. ఆ పొడి ఇంకేదో కాదు, గోరుచిక్కుడు గింజల జిగురు. ఐస్‌క్రీమ్ గరగరలాడకుండా ఉండాలని మా పాలల్లో ఆయన చేత్తో వేసుకుంటూ వచ్చినదే. డబ్బాలోది రోగుల కోసమని తయారుచేసినది, అంతే తేడా.

"మీరిచ్చారా అత్తయ్యా?" కోడలి గొంతు పూర్తిగా తగ్గిపోయింది. గొంతు తగ్గించిందంటే దానికి నిజంగా కోపం వచ్చినట్టు.

"నేనెందుకిస్తాను? నాకేమైనా మతి పోయిందా?"

"మొన్న మీరే అన్నారుగా, ఒక్క గుక్క ఇస్తే ఏం పోతుందీ అని. అని ఏడ్చారు కూడా."

"ఏడవడం వేరు, ఇవ్వడం వేరు! ఏడిస్తే ఎవరికీ పొలమారదు. అసలు నువ్విచ్చావేమో. మీ మామయ్య 'అమ్మాయ్' అని దీర్ఘం తీస్తే చాలు, కరిగిపోతావు."

"నేనిచ్చి, నేనే గ్లాసు పట్టుకొచ్చి మిమ్మల్ని అడుగుతానా?"

"ఏమో తల్లీ. ఎదుటివాళ్ళ మీదికి తోసేవాళ్ళు అలాగే అడుగుతారు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కోడలి ముఖం చిన్నబోయింది. పెళ్ళై ఈ ఇంట్లో అడుగుపెట్టిన వారానికే మామగారి పక్కన నిలబడి పాలు కాయడం నేర్చుకున్న పిల్ల అది. మా అబ్బాయికి బండి వేసుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకురావడం వచ్చు కానీ, గరిటె పట్టడం చేతకాదు. ఇవాళ ఈ పనిగది నడుస్తోందంటే కోడలి చేతుల మీదే.

గ్లాసు బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుంది. మిషనులో పాలు కరుగుతున్న చప్పుడు వినపడుతోంది.

అప్పుడు ఇద్దరం ఒకేసారి బల్ల కిందికి చూశాం.

అక్కడ, ఖాళీ చక్కెర సంచి కప్పి, మా మంచినీళ్ళ క్యాను ఉంది. సంచి ఒక పక్కకు తొలిగి ఉంది. మూత వంకరగా పెట్టి ఉంది. ఎడమచేత్తో తిప్పి పెట్టిన మూత.

"అయ్యో" అంది కోడలు, అక్కడే పీట మీద కూలబడి.

ఆ క్యాను అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి. ఆయన ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి రోజున నేను మామూలుగా వంటింట్లోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుని ఆయన ఎదురుగా కూచుని తాగాను. ఆయన చూపు గ్లాసుతోపాటు నా నోటి దాకా వచ్చింది. నేను మింగితే ఆయన గొంతు కదిలింది. ఆ తరవాత ఆయన ముందు ఒక్క గుక్క తాగడం నా వల్ల కాలేదు.

కోడలికీ అలాగే అనిపించిందట. నాతో అనలేదు, నేనూ దానితో అనలేదు. ఎవరికి వాళ్ళం చాటు చూసుకున్నాం. ఒక మధ్యాహ్నం గ్లాసు పట్టుకుని మిషను వెనక్కి వెళితే, అక్కడ కోడలు చెంబెత్తి గటగటా తాగుతోంది. ఒకళ్ళనొకళ్ళం చూసుకుని ముందు నవ్వాం. తరవాత ముక్కులు చీదుకున్నాం. ఆ సాయంత్రమే నీళ్ళ క్యాను పనిగదిలోకి మారిపోయింది. మా అబ్బాయి బండిలోనే నీళ్ళు తాగొస్తాడు. అప్పటి నుంచి మా ఇంట్లో నీళ్ళు తాగడమంటే దొంగతనమే.

"ఐస్‌క్రీమ్ పాల మిక్సు చూసొస్తానని రోజూ కర్ర పట్టుకుని వస్తుంటే ఎంత మురిసిపోయానో" అంది కోడలు. "మామయ్యకి మళ్ళీ పని మీద మనసు పోతోందని మా ఆయనతో కూడా చెప్పాను. నేను బయటికెళ్ళి పాలవాడితో మాట్లాడుతుంటే కావాలనే ఆలస్యం చేసేదాన్ని, ఆయన్ని కాసేపు ఒంటరిగా ఉండనిద్దామని."

"నేను మాత్రం? ఆయన ఇటు వస్తే వెనకాల రాకూడదని వంటింట్లో గిన్నెలు రెండోసారి తోముకున్నాను."

ఎవరూ ఇవ్వలేదు. ఎక్కడా కనపడకూడదని దాచి దాచి, ఆయన ఒంటరిగా కూచునే గదిలోనే పెట్టాం.

---

ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీలో దుప్పటి కప్పుకుని కూచున్నారు. పక్కనున్న స్టూలు మీద పొడి డబ్బా, చెంచా, పొద్దున కలిపిన నీళ్ళు. ముట్టుకోలేదు.

మేమిద్దరం గుమ్మంలో నిలబడగానే ఆయనే అన్నారు, "దొరికిపోయానా?"

"మేమింకా ఏం అడగలేదు" అన్నాను.

"మిషను ఆగింది. ఈ ఇంట్లో అది మధ్యలో ఆగిందంటే చావో, దొంగో. నేను బతికే ఉన్నాను కాబట్టి దొంగ." దగ్గు తెర వచ్చింది. ఆగి, ఊపిరి తీసుకుని, "అమ్మాయ్, ముందెళ్ళి మిషను వెయ్యి. పాలు పాడైపోతాయి" అన్నారు.

"పాడైతే పాడవనీండి మామయ్యా."

ఆయన బిత్తరపోయారు. ఆ మాట మా ఇంట్లో అంతకుముందు ఎవరూ అనలేదు.

"రోజూ తాగుతున్నారా?" అడిగాను.

"రోజుకి ఒక్క గుక్క."

"ఒక్కటేనా?"

"ఆదివారం రెండు. సెలవు కదా."

కోడలు నవ్వలేదు. నవ్వకపోవడం ఆయనకు కష్టంగా ఉంది. ఆయన జోకుకి మొదట నవ్వేది ఎప్పుడూ అదే.

"మీరు చూడ్డానికి వస్తారని నేనెంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశానో తెలుసా? మీరొచ్చే వేళకి బల్ల కడిగేదాన్ని. గరిటెలు వరసగా పెట్టేదాన్ని. చూశారా అసలు ఏనాడైనా?"

"చూశానమ్మాయ్. ఎందుకు చూడలేదు? చక్కెర కాస్త ఎక్కువ పడుతోంది."

"రుచి చూడకుండా ఎలా తెలిసింది?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "వాసన."

"మామయ్యా!"

"వేలితో. గోటి మీద పట్టేంత. అది తినడం కిందికి రాదు."

ఐస్‌క్రీమ్ కూడా ఆయన తినకూడదు. నోట్లో పెట్టుకోగానే కరిగి నీళ్ళై, నీళ్ళు పోయే దారినే పోతుందట. ఆ మాట విన్న రోజున, ఊరంతా 'ఐసు తాత' అని పిలిచే మనిషి, ఆస్పత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ సంగతి గుర్తొచ్చి నా కోపం దిగిపోయింది. కోడలు మాత్రం ఆగలేదు.

"అంటే మేం ఎన్ని జాగ్రత్తలు పడితే ఏం లాభం? ప్రాణాలకు తెగించి గుక్కెడు నీళ్ళు! మీకేమన్నా అయితే రేపు మీ అబ్బాయికి నేనేం చెప్పాలి?"

"నీళ్ళు తాగి పోయాడని చెప్పు. ఎంత గౌరవంగా ఉంటుంది."

కోడలు గిర్రున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. మరు నిమిషంలో మిషను మోత మొదలైంది. ఆ పాలు ఇక దేనికీ పనికిరావని దానికీ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా వేసింది.

---

మధ్యాహ్నం మింగుడు టీచరు వచ్చింది.

అసలు ఉద్యోగం పేరు ఏదో పొడుగ్గా ఉంటుంది. ఆస్పత్రి నుంచి ఇళ్ళకొచ్చి, గొంతు చచ్చుబడ్డ వాళ్ళకు మళ్ళీ మింగడం నేర్పే పిల్ల. ఆ పేరు పెట్టింది మా ఆయనే. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. ఇప్పుడు ఫోనులో కూడా "నేను మింగుడు టీచర్ని" అనే అంటుంది.

వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. "ఊపిరి తీయండి పెద్దాయనా... మళ్ళీ... మళ్ళీ." విన్నకొద్దీ దాని ముఖంలో నవ్వు తగ్గిపోయింది. వరండాలోకి వెళ్ళి డాక్టరుతో ఫోనులో మాట్లాడి వచ్చింది.

"కుడివైపు గరగరమంటోంది. ఏం తాగారు?"

ఆయనే చెప్పేశారు. "నీళ్ళు. దాహం వేస్తే మనుషులు తాగుతారే, అవి."

ఆ పిల్ల తిట్టలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని ఎదురుగా కూచుంది. "డాక్టరుగారు మందు మార్చారు, ఇవాళే మొదలుపెట్టాలి. ఒళ్ళు ఎండిపోయి ఉంది, జ్వరం తగ్గాలంటే నీళ్ళు పడాలి. ఇదిగో, ఈ సీసాడు నీళ్ళు. చిక్కగా కలిపి, చెంచా చెంచాగా, నేను సాయంత్రం తిరిగొచ్చే లోపల తాగారా, ఇంట్లోనే ఉంటారు. తాగలేదా, ఆస్పత్రికి తీసుకెళ్ళి ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదు. నాకూ ఇష్టం లేదు. కానీ వేస్తారు."

"ముక్కులోంచా?"

"ముక్కులోంచే."

ఆయన డబ్బా చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పారు. "ఇందులో ఉన్నదేంటో తెలుసా టీచరమ్మా?"

"గోరుచిక్కుడు గింజల జిగురు. డబ్బా మీదే రాసుంది కదా."

"ఇది నా పొడి. నా పాలల్లో చిటికెడు పడితే ఐస్‌క్రీమ్ ఎండలో కూడా పరువుగా నిలబడుతుంది. దీన్ని నేనెంత మందికి తినిపించానో."

"మరి మీరు తాగడానికి ఏమైంది?"

"పాలల్లో వేస్తే పాలకు అందం. నీళ్ళలో వేస్తే అవింక నీళ్ళు కావు."

"నీళ్ళే పెద్దాయనా. కాస్త నెమ్మదిగా నడిచే నీళ్ళు, అంతే. ఉత్త నీళ్ళు మీ గొంతు తలుపు మూసుకునే లోపే దూకేస్తున్నాయి. ఇవి తలుపు మూసే దాకా ఆగుతాయి."

ఆయన డబ్బా స్టూలు మీద పెట్టారు. "మాట బాగుంది" అన్నారు. "రుచే బాలేదు. పచ్చి చిక్కుళ్ళ వాసన."

ఆ పిల్ల నాకేసి చూసి, సంచి భుజాన వేసుకుని, "సాయంత్రం వస్తానమ్మా" అని మెట్లు దిగింది. గేటు దగ్గర వెనక్కి తిరిగి, సీసా వైపు వేలు చూపించి మరీ వెళ్ళింది.

ఆ వాసన నాకు కొత్తేం కాదు. మా పెళ్ళైన కొత్తలో, ఆయన ఎక్కడో విని ఆ పొడి సంచీ మొదటిసారి మోసుకొచ్చారు. ఎంత వెయ్యాలో ఎవరూ చెప్పలేదు. చక్కెరలో ముందు కలిపి చల్లాలని కూడా తెలియదు. ఒకటి కాదు, రెండు గుప్పిళ్ళు నేరుగా పాలల్లో పోసేశారు. పైన ఉండలు కట్టింది, అడుగున బంకైంది. మర్నాడు తీసి చూస్తే గరిటెకు అంటుకుని తాడులా సాగింది. నేను ఒక పక్క, ఆయన ఒక పక్క పట్టుకుని లాగితే గుమ్మం దాకా వచ్చింది, తెగదే! కిందపడి నవ్వాం. పారబోయడానికి మనసొప్పక పిల్లలకు పంచిపెడితే, వాళ్ళు వారం రోజులు అదే కావాలని మా ప్రాణం తీశారు. ఆ తరవాత కొలత కుదిరింది. మా ఐస్‌క్రీమ్ నిలబడింది. మేమూ నిలబడ్డాం.

ఈ కథంతా ఆ కుర్చీ పక్కన కూచుని ఆయనకు చెప్పాను, మనసు మళ్ళుతుందేమోనని. ఆయన విన్నారు. నవ్వారు కూడా. "రెండు గుప్పిళ్ళు కాదే, ఒకటిన్నర" అన్నారు.

కలిపిన గ్లాసు ముందుకు జరిపాను.

ఆయన వెనక్కి జరిపారు.

---

సాయంత్రం దగ్గర పడుతోంది. కిటికీ నీడ స్టూలు దాకా వచ్చింది. సీసా అలాగే నిండుగా ఉంది. కోడలు కొత్తగా కలిపిన గ్లాసు తెచ్చి పెట్టి, పాతది తీసుకెళ్ళింది, ఒక్క మాట లేకుండా. పోతూ పోతూ ఆయన దుప్పటి సరిచేసింది. కోపం ఉన్నా చేతులు ఊరుకోవు దానికి.

"నీ పెదాలు ఎండిపోయాయి" అన్నారు ఆయన ఉన్నట్టుండి.

"నావా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు? పొద్దున మిషను ఆగినప్పటి నుంచి నువ్వు పనిగదిలోకి వెళ్ళలేదు. అంటే నీళ్ళు తాగలేదు."

నేను నాలుకతో పెదాలు తడుపుకోబోయి ఆగాను. "దాహం లేదు."

"నాకు చెప్పకు. నీకు చెంబెడు తాగితే కానీ టీ కూడా దిగదు. పెళ్ళిచూపుల్లో కూడా ముందు నీళ్ళే అడిగావు."

"అవన్నీ ఇప్పుడెందుకు? మీరు తాగండి ముందు."

ఆయన కర్ర చివరతో నేల మీద నెమ్మదిగా కొడుతూ కూచున్నారు. కోపం వచ్చినప్పుడు కాదు, చెప్పలేని మాట ఉన్నప్పుడు అలా చేస్తారు.

"ఓ రోజు నీకోసం వచ్చాను పనిగదిలోకి" అన్నారు. "మిక్సు కోసం కాదు. పిలిస్తే పలకలేదని. నువ్వు మిషను వెనకాల, గోడ వైపు తిరిగి నిలబడి తాగుతున్నావు. గబగబా. ఎవరైనా చూస్తారేమో అన్నట్టు. తాగి, మూతి తుడుచుకుని, గ్లాసు చప్పుడు కాకుండా పెట్టి..." ఆగారు. "నా ఇంట్లో నా పెళ్ళాం గోడ వైపు తిరిగి నీళ్ళు తాగాలా?"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీ ముందు ఎలా తాగను?"

"ఎలా తాగుతారు? నోటితో."

"మీరు చూస్తారు."

"చూస్తాను. నేను చూడకపోతే ఎవరు చూస్తారు నిన్ను?" ఆయన గొంతు ముద్దగా అయిపోయింది, జబ్బు వల్ల కాదు. "నువ్వు వెళ్ళాక ఆ గ్లాసులో అడుగున కాస్త మిగిలింది. తాగేశాను. అలా మొదలైంది ఈ దొంగతనం. నాకప్పుడు దాహం కూడా లేదు."

నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. ఆయన ఆ చేతి మీద తన చెయ్యి వేశారు. లోపల మిషను ఆగింది. కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడడం చూశాను. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

"అమ్మాయ్" అన్నారు ఆయన, దీర్ఘం తీస్తూ. "నీళ్ళ క్యాను పట్టుకురా."

"మామయ్యా, వద్దు..."

"నాకు కాదు. మీ అత్తయ్యకి."

కోడలు నాకేసి చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అది ఎవరి మాట వింటుందో నాకు తెలుసు. క్యాను రెండు చేతులతో మోసుకొచ్చి గది నడిమధ్యన, బల్ల మీద, అందరికీ కనపడేటట్టు దించింది. నా స్టీలు గ్లాసు కూడా తెచ్చింది. నింపింది. నీళ్ళు పడుతున్న చప్పుడుకి ముగ్గురం తలలు వంచుకున్నాం.

"నువ్వు నా ఎదురుగా కూచుని తాగు" అన్నారు ఆయన. "అప్పుడే నేను ఈ జిగురు తాగుతాను. మొత్తం సీసా. నువ్వు తాగకపోతే ముక్కులో గొట్టమే వేసుకుంటాను. నువ్వు గోడ వైపు తిరగడం కన్నా అదే నయం."

"ఇదేం పంతం?"

"పంతం కాదు. నా ఇల్లు నాకు కావాలి."

గ్లాసు తీసుకున్నాను. చల్లగా ఉంది. పొద్దుటి నుంచి నోరు పిడచకట్టుకుపోయి ఉంది. పెదాలకు ఆనించాను. ఆయన చూస్తున్నారు. చూపు తిప్పలేదు. గుక్క తీసుకున్నాను. నోటి నిండా నీళ్ళు. కానీ దిగవు. చెంపలు ఉబ్బి, కళ్ళు చెమరుస్తూ, చిన్నపిల్లలా అలాగే కూచున్నాను.

"మింగు" అన్నారు.

తల అడ్డంగా ఊపాను.

ఆయన ముందుకు వంగారు. "కంగారు పడకు. నిటారుగా కూచో. ఊఁ. ఇప్పుడు గడ్డం కిందికి దించు. ఛాతీకి ఆనించు. పెదాలు గట్టిగా మూయి. మనసంతా గొంతు మీద పెట్టు. ఒక్కసారిగా, గట్టిగా... మింగు."

ఈ మాటలన్నీ ఆ టీచరు పిల్ల ఆయనకు నేర్పుతున్న పాఠమే. ఒక్కనాడూ సరిగ్గా వినలేదని అది మొత్తుకుంటుంది. అక్షరం పొల్లుపోకుండా ఆయనకు వచ్చు.

గడ్డం దించాను. మింగాను. నీళ్ళు దిగాయి, ఎక్కడో చాలా లోతుకి.

"శభాష్" అన్నారు ఆయన. "మళ్ళీ మింగు, మిగిలిందేమన్నా ఉంటే పోతుంది."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో, భుజాలు కదిలాయి. నేను గ్లాసు ఖాళీ చేశాను. ఆయన ఎదురుగా, ఆయన చూస్తుండగా, చివరి చుక్క దాకా. ఎంత దాహం వేసిందో నాకే తెలియలేదు.

"ఇంకో గ్లాసు?"

"చాలండీ. మీ వంతు."

మాట తప్పే మనిషి కాదు ఆయన. గాజు గ్లాసు దగ్గరికి తీసుకుని, చెంచాతో ఎత్తి చూశారు. చెంచా అంచున చిక్కటి నీళ్ళు మెల్లగా కూడుకుని, బొట్టుగా మారి, తీరిగ్గా జారాయి. పనివాడి చూపుతో దాన్ని చూసి, పరవాలేదన్నట్టు తల ఊపారు. చెంచా నోట్లో పెట్టుకున్నారు. ముఖం వికారంగా పెట్టారు. మింగలేదు. చెంచా తీసి, వేలితో నన్ను చూపించారు, తన గడ్డాన్ని చూపించారు.

నాకర్థమైంది. ఇప్పుడు నేను చెప్పాలి.

"నిటారుగా కూచోండి" అన్నాను. కూచున్నారు.

"గడ్డం దించండి." దించారు. నెరిసిన తల నా ముందు వంగింది.

"పెదాలు మూయండి." మూశారు.

బయట గేటు తీసిన చప్పుడు వినపడింది. టీచరు పిల్ల వచ్చేసింది. కోడలు కదలలేదు. నేను కదలలేదు. ఆయన వంచిన తల కింద నుంచి కళ్ళు పైకెత్తి, నోట్లో ఆ చెంచాడు నీళ్ళు పట్టుకుని, నాకేసి చూస్తున్నారు. అవి సరైన దారినే దిగుతాయా, మళ్ళీ ఆ దగ్గే వస్తుందా, ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. మిగిలింది ఒక్క మాట. ఆ ఒక్క మాట నేను అంటే కానీ ఆయన మింగరు.

మెట్ల మీద అడుగులు వినపడుతున్నాయి. నేను నోరు తెరిచాను.